ఆరో రిఫరెన్సు

సోమవారం పొద్దున్న ఆరున్నరకి, ఇడ్లీ రేకులు కుక్కర్లో పెట్టి, ఆమని ఫోనులో చంద్రశేఖరం గారి మెయిలు తెరిచింది. ఆ మెయిలు చూసే బాధ్యత రెండు నెలలుగా ఆమెదే. శని, ఆదివారాలు చీరాలలో పెళ్లికి వెళ్లి వాడరేవు సముద్రం చూసి రావడంతో ఫోను వైపు చూడలేదు. శనివారం సాయంత్రం అయిదు గంటలకి వచ్చిన ఉత్తరం అందులో చదవకుండా పడి ఉంది.

అచ్చుకి ముందు సరిచూసే ప్రూఫు ప్రతి పంపుతున్నామనీ, తప్పులుంటే నలభై ఎనిమిది గంటల్లో దిద్ది పంపాలనీ, ఆలోపు జవాబు రాకపోతే ఆమోదించినట్టే తీసుకుని ప్రచురిస్తామనీ వైద్య పత్రిక వాళ్లు రాశారు. ఆ తరువాత మార్పులు స్వీకరించరు.

అంటే ఈ రోజు సాయంత్రం అయిదు.

ఇంకా పదిన్నర గంటలున్నాయి కదా అనుకుంది. రిఫరెన్సులన్నీ తను రెండేళ్లు కూర్చుని సరిచేసినవే. చదువుకున్నది లైబ్రరీ సైన్సు. భర్త భరద్వాజ వడ్లమూడిలో లెక్చరరు. ఆయన స్నేహితుల వ్యాసాలకి రిఫరెన్సులు సర్దిపెట్టడంతో ఆమెకి ఈ పని అలవాటయింది. వాక్యం చివర చిన్న అంకె ఉంటుంది. వ్యాసం చివర ఆ అంకె కింద ఆ మాట ఎవరు, ఏ ఏడు, ఎందులో, ఏ పేజీల్లో రాశారో ఉంటుంది. చూసేవాళ్లకి చీమల బారులా కనిపించే ఆ జాబితాలో ఒక్క కామా పక్కకి జరిగినా ఆమెకి అన్నం సహించదు.

చంద్రశేఖరం గారు రేపల్లెలో నలభై ఏళ్లు వైద్యం చేసిన మనిషి, ఆమె నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. ఏటి మధ్య లంక పొలాల్లో, అరటి తోటల్లో కాపలాకి నేల మీద పడుకునే వాళ్లని కట్లపాము కరిస్తే ఏమవుతుందో, తను చూసిన నలభై మూడు కేసులతో ఒక వ్యాసం రాశారు. జీవితంలో ఆయన రాసిన ఒకే ఒక్క వ్యాసం. పత్రిక దాన్ని ఒప్పుకుందన్న కబురు వచ్చిన వారానికే పక్షవాతం వచ్చి ఆయన మాట పడిపోయింది.

ప్రూఫు చివర పత్రిక వాళ్ల ప్రశ్నలు ఏడు ఉన్నాయి. మొదటి ఆరు ప్రశ్నలకీ నిలబడే జవాబు రాసేసింది. ఏడోది చదివి కుర్చీ లాక్కుని కూర్చుంది.

'నలభై అయిదేళ్ల కిందటి పరిశీలన అని వాక్యంలో రాశారు. ఆరో రిఫరెన్సు 2014 నాటిది. సరిచూడగలరు.'

ఆ వాక్యం ఆమెకి కంఠతా వచ్చు. ఒంటి మీద కాటు గుర్తు లేకపోయినా, తెల్లవారుజామున కడుపు నొప్పితో లేచిన లంక మనిషిని కట్లపాము కరిచిందనే ముందు అనుమానించాలని నలభై అయిదేళ్ల కిందటే వెంకటప్పయ్య చెప్పారు. ఆ వాక్యం మీదే వ్యాసం మొత్తం నిలబడింది. వెంకటప్పయ్య అంటే బాపట్లలో డాక్టరని ఆమె అనుకుంది. కట్లపాము గురించి ఆయన రాసింది ఇంటర్నెట్లో వెతకగానే దొరికింది, పేరూ ఇంటిపేరూ సరిపోయాయి, సంవత్సరం 2014. వ్యాసంలో ఆ పేరు వచ్చిన తొమ్మిది చోట్లా ఆరో అంకె తగిలించింది తనే. ఏడాది లెక్క తప్పు అని తనకి తట్టలేదు. ఫొటోలో ఆ బాపట్ల డాక్టరుకి నలభై అయిదేళ్లు కూడా ఉండవు.

తాత పేరు మనవడికి పెట్టుకుంటారు. భరద్వాజ కూడా తన తాత పేరు మోస్తున్నవాడే.

"ఏంటి, మొహం అలా అయిపోయింది?" అన్నాడు భరద్వాజ, తల తుడుచుకుంటూ.

ఆమె చెప్పింది.

"ఒక్క అంకెకి ఇంత కంగారా? ఎవరు చూస్తారే?"

"నేను చూశానుగా."

"పత్రికవాళ్లకి గడువడుగుతూ మెయిలు పెట్టు."

పెట్టింది. మూడు పనిదినాల్లో జవాబిస్తామని తిరుగు మెయిలు దానంతటదే వచ్చింది. ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, ఇడ్లీలు మీరే తీసుకోండని చెప్పి స్టేషనుకి నడిచింది.

రేపల్లె పాసింజరులో కూర్చున్నాక లెక్క వేసుకుంది. తొమ్మిదింటిలో ఏవి తాతవి, ఏవి మనవడివి? తాత రాసింది ఎక్కడ అచ్చయింది? ఈ రెండూ తెలిసిన మనిషి ఒక్కరే, ఆయనకి నోట మాట లేదు. వేమూరు దాటేదాకా ఆమె కిటికీలోంచి ఏమీ చూడలేదు. మూడు నాలుగు సార్లు ఏడుపు వచ్చింది. ఎదుటి సీటులో పూలబుట్ట పెట్టుకున్న ముసలామె, "ఆస్పత్రికా తల్లీ?" అని అడిగితే అవునంది.

చంద్రశేఖరం గారి భార్య కామేశ్వరమ్మ తలుపు తీసి ఆమె చేతిలోని సంచి చూసింది. "పెళ్లి నుంచి వచ్చి ఇంట్లో కాలు పెట్టావో లేదో, పుస్తకాల మూటతో దిగావు! మీ బాబాయి రోగం నీకూ అంటింది."

"తప్పు చేశాను పిన్నిగారూ. సాయంత్రం అయిదుకి అచ్చయిపోతుంది."

కామేశ్వరమ్మ హాస్యం అక్కడితో ఆగిపోయింది.

చంద్రశేఖరం గారు ముందు గదిలో, ఒకప్పుడు రోగుల్ని చూసిన గదిలోనే, మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్లో పడేసి ఉంది. ఆమనిని చూసి నవ్వబోయారు, పెదవి ఒక పక్కకే కదిలింది. ఏమడిగినా ఆయన నోట ఒకే మాట వస్తోంది: "పద." అన్నం తింటారా అంటే పద, నొప్పిగా ఉందా అంటే పద. అవునూ కాదూ కూడా తారుమారు చేస్తున్నారని కామేశ్వరమ్మ ముందే చెప్పింది.

బీరువా కింది అరలో ఆయన చేతిరాత కాగితాలు దొరికాయి. ఇంగ్లీషు వాక్యాల మధ్య ఆ పేరు మటుకు తెలుగులో రాసుకున్నారు. ఆమని ఆ కాగితాలు చూసి టైపు చేసినప్పుడు మర్యాద పదాలన్నీ తీసేసింది. రిఫరెన్సుల్లో ఎవరికీ గారు ఉండదు, డాక్టరు అని కూడా ఉండదు. ఇప్పుడు చూస్తే ఆరు చోట్ల 'వెంకటప్పయ్య గారు' అని ఉంది. మూడు చోట్ల వట్టి వెంకటప్పయ్య.

అయినా అది సాక్ష్యం కాదు. తొందరలో రాస్తూ ఒకచోట మానేసి ఉండవచ్చు. ఆమె గది నాలుగు వైపులా చూసింది. గోడ మీద పాత ఫొటో ఒకటి ఉంది, కింద 'వెంకటప్పయ్య గారితో' అని చేతిరాత. కొల్లూరు దవాఖానా మెట్ల మీద పంచెకట్టుతో పెద్ద డాక్టరు, పక్కన సన్నగా, మీసమింకా సరిగా రాని చంద్రశేఖరం.

ఆమని ఫొటో దింపి మంచం మీద ఒక పక్క పెట్టింది. ఇంకో పక్క తన ఫోనులో బాపట్ల డాక్టరు బొమ్మ పెట్టింది.

"బాబాయిగారూ, ఒక్కొక్క వాక్యం చదువుతాను. ఎవరి మాటో ఆయన్ని ముట్టుకోండి. మాట్లాడక్కర్లేదు."

మొదటి వాక్యం చదివింది. ఆయన ఎడమచెయ్యి నెమ్మదిగా లేచి ఫొటో అద్దం మీద పడింది. రెండోది, ఫొటో. మూడోది, ఫోను. తొమ్మిదీ అయ్యాక ఆమె మధ్యలోని రెంటిని మళ్లీ చదివింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చెప్పిందే చెప్పించుకుంటున్నందుకు కోపం వచ్చింది. చెయ్యి మటుకు ముందు పడినచోటే పడింది.

ఆరు తాతవి. మూడు మనవడివి. చేతిరాతలోనూ సరిగ్గా అంతే.

"ఆయన ఎందులో రాశారు బాబాయిగారూ? ఏ పుస్తకం?"

"పద," అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పద. పద."

కామేశ్వరమ్మ పక్కనుంచి అందుకుంది. "ఆయన రాసింది ఒక్కటే అమ్మాయ్. బాపట్లలో డాక్టర్లందరూ కలిసి సభ పెట్టుకుని సావనీరు వేశారు, డెబ్భై తొమ్మిదిలో. ముందంతా మందుల షాపుల ప్రకటనలు, వెనక నాలుగు వ్యాసాలు. మా కాపీ వరద నీళ్లలో పోయింది. పోయినప్పుడు ఈయన రెండు రోజులు అన్నం తినలేదు. ఇంకోటి ఉంటే మనవడి దగ్గరే ఉండాలి."

ఆమని బాపట్ల నర్సింగ్ హోముకి ఫోను చేసింది. రెండుసార్లు పెట్టేశాక మూడోసారి డాక్టరే తీశాడు. చంద్రశేఖరం గారి తరఫున, వ్యాసంలో మీ పేరు తొమ్మిది చోట్ల ఉంది అనగానే, "నమస్కారమండీ, నన్ను తొమ్మిది చోట్ల పేర్కొన్నారా, చాలా సంతోషం," అన్నాడు. సావనీరు మాట ఎత్తగానే గొంతు మారింది. "అదెక్కడుందో తెలియదండీ. ఓపీలో ఉన్నాను." పెట్టేశాడు.

అప్పటికి పదకొండున్నర. కామేశ్వరమ్మ పెరుగన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు మింగి, చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్లే బస్సెక్కింది. దారిలో వరికోత యంత్రం రోడ్డుకి అడ్డంగా ఆగిపోయి బస్సు ముప్పావు గంట నిలబడింది. ఆమె దిగి, యంత్రం డ్రైవరు దగ్గరికి వెళ్లి, "నాయనా, కాస్త పక్కకి తియ్యి," అని చేతులు జోడించింది. అతను బిత్తరపోయి, "టైరు దిగబడిందమ్మా, నేనేం కావాలని పెట్టానా," అన్నాడు. మళ్లీ ఎక్కి కూర్చుంది. సీటు పక్కన చెయ్యి పట్టుకున్నచోట ఇనుప కమ్మీ గుర్తు అరచేతిలో పడింది.

నర్సింగ్ హోము చేరేటప్పటికి మూడుంబావు. వరండా నిండా జనం. చీటీలు రాసే అంకమ్మ తలెత్తకుండానే, "కడుపా, కాళ్లా, జొరమా?" అంది.

"ఏదీ కాదు. డాక్టరు గారిని చూడాలి. రెండు నిమిషాలు."

"అందరూ రెండు నిమిషాలేనమ్మా. ఆ కూర్చున్న నలభై మందీ రెండు నిమిషాలే."

"అయిదింటికి ఆయన తాతగారి పేరు పోతుంది," అంది ఆమని. గొంతు ఆమెకే వింతగా వినిపించింది. అంకమ్మ తలెత్తి ఆమెని పైనుంచి కింది దాకా చూసింది. ఏమర్థమయిందో, లేచి లోపలికి వెళ్లి వచ్చి, రమ్మంది.

డాక్టరు వెంకటప్పయ్య ఫోనులో బొమ్మకన్నా కాస్త లావుగా ఉన్నాడు. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు.

"ఇందులో తప్పేముందండీ ఆమని గారూ? ఆయన పేరే నాది. ఇంటిపేరూ అదే. ఎవరి లెక్కలో పడితే ఏం, ఒకే ఇంటికి వస్తుంది."

"మీరు రాసింది విరుగుడు మోతాదు గురించి. ఆయన రాసింది జబ్బు గుర్తుపట్టడం గురించి. చదివినవాళ్లు ఆ మాట కోసం మీ వ్యాసం తెరిస్తే అందులో ఉండదండి."

"ఎవరూ తెరవరు."

"తెరుస్తారని కాదండి అది పెట్టేది?"

ఆయన లేచి, వెనక స్టీలు బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన పల్చటి పుస్తకం తీశాడు. అట్ట మీద ఎర్రటి అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి.

"ఎక్కడుందో తెలియదని అబద్ధమాడాను. చదవండి. చదివాక మీరే చెప్పండి పెట్టాలో వద్దో." ముప్పై ఒకటో పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

అది ఇంగ్లీషులో, టైపు మిషను అక్షరాల్లాంటి అచ్చులో ఉంది. డెబ్భై ఎనిమిది వానాకాలంలో, తెల్లవారుతూండగా, లంక నుంచి ముప్పై ఏళ్ల ఆడమనిషిని పడవలో తెచ్చారు. కడుపు నొప్పి, రెండు వాంతులు. ఒంటి మీద ఏ గుర్తూ లేదు. అజీర్తి అనుకున్నాను. తెల్లమందు ఇచ్చి, భయపడొద్దని నవ్వి, ఇంటికి పంపాను. పడవలోనే ఆమె రెప్పలు వాలిపోయాయి. అవతలి ఒడ్డు చేరేలోపు ఊపిరి ఆగింది. ఈ తప్పు నాది. ఆ తరువాత నేను ప్రతి లంకకీ వెళ్లి, ఇలా పోయినవాళ్లు ఇంకెందరని అడిగాను. పద్ధెనిమిది మంది అని తేలింది.

కింద ఆ మనిషి పొడి అక్షరాలు, ఊరు ఉన్నాయి.

"ఆమె ఇంటివాళ్లు ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు," అన్నాడు వెంకటప్పయ్య. "కొల్లూరు నుంచి ఇంతదూరం. మీ తాత హస్తవాసి మంచిదయ్యా, అదే నీకూ వచ్చింది, అంటారు. బియ్యే చదివిన పిల్లలున్నారు ఆ ఇంట్లో. మీరు పెట్టిన రిఫరెన్సు పట్టుకుని ఎవరన్నా ఇది బయటికి లాగితే? ఒక పని చెయ్యండి. నా పేరు తొమ్మిది చోట్లా తీసేయండి. నాకేమీ వద్దు. ఆ వాక్యం కూడా తీసేయండి. ఇది మటుకు పెట్టొద్దు."

ఆమని గోడ గడియారం చూసింది. నాలుగు కావడానికి పది నిమిషాలు.

వాక్యం తీసేయడం తన చేతిలో లేదు. ఒప్పుకోవలసిన మనిషి నోట ఒకే మాట వస్తుంది. ఆ వాక్యం లేకపోతే జబ్బు అలా గుర్తుపట్టడం ఆయనే కనిపెట్టినట్టవుతుంది. అలా కాకూడదనే కదా ఆయన ఆరుసార్లు ఆ పేరు రాసుకున్నది. తీయకుండా వదిలేస్తే తను చేసిన తప్పు అచ్చవుతుంది, ఎప్పటికీ. ఆయనకి ఎదురుగా వెళ్లి కూర్చునే మొహం తనకి ఉండదు.

ఇవన్నీ చెప్పాలనుకుంది. నోటికి వచ్చింది వేరు.

"మీ తాతగారు దాచుకోలేదుగా అండీ."

"ఆయనకేం, రాసి పోయారు. ఇక్కడ కూర్చునేది నేను."

తలుపు సందులోంచి అంకమ్మ, "సారూ, బయట గొడవ చేస్తన్నారు," అంది. వస్తున్నానన్నాడు గాని ఆయన కదల్లేదు.

ఆమని లాప్‌టాప్ తెరిచింది. ఆరో రిఫరెన్సు దగ్గర మనవడి వివరాలు తీసి, తాతవి కొట్టడం మొదలుపెట్టింది. పేరు. వ్యాసం పేరు. సావనీరు. బాపట్ల. 1979. ఆయన ఆపలేదు, అయితే పుస్తకం మీద అరచెయ్యి వేసి మూశాడు.

"ఇందులో ఆ మనిషి పేరు రాదండి," అంది ఆమె తెర వైపే చూస్తూ. "జరిగింది రాదు. ఈ మాట ఎక్కడుందో అంతే. ఏ లైబ్రరీలోనూ లేదు కాబట్టి, ప్రతి ఎవరి దగ్గరుందో రాయాలి. మీ పేరు అక్కడ రాస్తాను. కావాలన్నవాళ్లు మిమ్మల్నే అడగాలి."

"అడిగితే ఇవ్వాలి."

"ఇవ్వాలండి."

"ఇవ్వనంటే?"

ఆమె పేజీల దగ్గర ముప్పై ఒకటి నుంచి ముప్పై మూడు అని కొట్టింది. తను చూసింది ఆ మూడు పేజీలే. ఇక మనవడి వ్యాసానికి చోటు చూడాలి. ఆయన మాట మొదట వచ్చేది పదో రిఫరెన్సు తరువాత. కనుక ఆయన పదకొండు, అక్కడి నుంచి పాత పదకొండు పన్నెండు, పన్నెండు పదమూడు, చివరి ఇరవై ఏడు ఇరవై ఎనిమిది. జాబితాలోనూ, వ్యాసం లోపల ప్రతి వాక్యం చివరా మారాలి. నాలుగుంబావు. ఒక అంకె మార్చి పక్కది వదిలేసింది. వెనక్కి వచ్చింది. పట్టికలోని అంకెలు గుర్తొచ్చాయి. మళ్లీ మొదటికి వెళ్లింది. కళ్ల ముందు పద్ధెనిమిదీ పంతొమ్మిదీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతున్నాయి.

"పంతొమ్మిది రెండుసార్లు వచ్చింది," అన్నాడు వెంకటప్పయ్య.

ఆయన ఎప్పుడో బల్ల చుట్టూ తిరిగి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఎక్కడండి?"

"మూడో పేరాలో. మొదటిది పద్ధెనిమిది కావాలి. ఆగండి, నేను పాతది చదువుతాను, మీరు కొత్తది వేసుకుంటూ పోండి." కళ్లజోడు సర్దుకుని వంగాడు. "పద్నాలుగు."

"పదిహేను."

"పద్నాలుగు, పదహారు."

"పదిహేను, పదిహేడు."

బయట ఎవరో తలుపు కొట్టారు. అంకమ్మ గట్టిగా ఎవరినో కసురుతోంది. వాళ్లిద్దరూ ఇరవై ఎనిమిది దగ్గరికి వచ్చేటప్పటికి నాలుగు నలభై ఎనిమిది. ఆమని మీట మీద వేలు పెట్టింది.

"పేజీలు తప్పు," అన్నాడు ఆయన.

ఆయన సావనీరు తీసి, ముప్పై మూడో పేజీ తిప్పాడు. వెనక మందుల షాపు ప్రకటన, దాని కింద మిగిలిన జాగాలో అయిదు వరుసలు. "ముప్పై నాలుగు దాకా ఉంది. కడుపు నొప్పి అంటూ తెల్లవారుజామున వచ్చినవాణ్ణి ఇంటికి పంపొద్దు అనే మాట ఇక్కడుంది. మీ వాక్యం దీని గురించేగా?"

"దీని గురించేనండి."

ఆమె మూడు తీసి నాలుగు కొట్టింది. నాలుగు యాభై రెండుకి పంపింది. తెర కాసేపు తెల్లగా ఉండిపోయింది. వలయం తిరుగుతూనే ఉంది. ఆమె తిట్టుకుంది, ప్రార్థించుకుంది, సిగ్గు లేకుండా రెండూ పైకే. నాలుగు యాభై ఆరుకి అందినట్టు రెండు వరుసల ఉత్తరం వచ్చింది. ఇకపై మార్పులు వీలుకావని అందులో మళ్లీ రాశారు.

ఆమని మోచేతులు బల్ల మీద ఆనించి మొహం అరచేతుల్లో పెట్టుకుంది. కాసేపటికి ఫోను తీసి రేపల్లెకి కలిపింది. "వెళ్లిపోయింది పిన్నిగారూ. సరిగ్గానే వెళ్లింది," అంది.

వెంకటప్పయ్య చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు.

"అమ్మా, నేనండి, వెంకటప్పయ్య గారి మనవణ్ణి. డాక్టరు గారు మేలుకునే ఉన్నారా? ఫోను ఆయన చెవి దగ్గర పెట్టండి."

అవతల మంచం చప్పుడు వినిపించింది. వెంకటప్పయ్య నిలబడే సావనీరు ముప్పై ఒకటో పేజీ తెరిచి, మొదటి వరుస నుంచి, గొంతు తగ్గించకుండా, తెలుగు చేసుకుంటూ చదవడం మొదలుపెట్టాడు. ఓపీ జనం తోసుకొస్తున్నారని అంకమ్మ తలుపు వెయ్యబోయింది. తెరిచే ఉంచమని ఆయన చేత్తో సైగ చేశాడు.